పండగ సోమవారం పసుపు చీటీ

ట్రూడి ఓడెన్‌టాల్ నడుములో నాలుగు స్టీలు మరలు ఉన్నాయి. ఆరు ఉండాలి. మిగిలిన రెండూ ఏప్రిల్ పదకొండున బిగిస్తామని ఆసుపత్రి వాళ్ళు తారీకు ఇచ్చారు. అందాకా కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, పడుకుంటే లేవడానికి నొప్పి.

రెండేళ్ళ కాంట్రాక్టు మీద పార్సెళ్ళ గోదాములో చేరింది. ముప్పై కిలోల పెట్టెలు, నిమిషానికి ఆరు. అక్టోబరులో నడుము పోయింది. డిసెంబరు ఆఖరున కాంట్రాక్టు పోయింది. కంపెనీ పువ్వుల గుత్తి పంపింది, దాని మీద ఆమె పేరు తప్పుగా రాసి.

ఇక మిగిలింది బీమా ఆఫీసు ఇచ్చే జబ్బు జీతం. డెబ్భై ఎనిమిది వారాల దాకా ఇస్తారు. ఇది ఎవడో జాలిపడి పడేసే ముష్టి కాదు. ముప్పై ఐదేళ్ళు నెలనెలా ఆమె జీతంలోంచి కోసుకున్నదే. కానీ ఒక షరతు ఉంది. డాక్టరు రాసిచ్చే పసుపు చీటీల గొలుసు ఎక్కడా తెగకూడదు. ఒక చీటీ ఆదివారంతో ముగిసిందంటే, ఆ తర్వాతి పనిదినాన డాక్టరు మళ్ళీ చూసి, ఈమె ఇంకా పనికి పనికిరాదని తేల్చాలి. ఒక్కరోజు జారిందా, ఉద్యోగం ఉన్నవాడికైతే ఆ రోజు డబ్బే పోతుంది. ఉద్యోగం లేనివాడికి జబ్బు జీతమూ పోతుంది, దాని కొసకు వేలాడే బీమా కూడా పోతుంది. అంటే ఎక్కువ నష్టపోయిన వాణ్ణే ఎక్కువ బాదమని చట్టం. తర్వాత్తర్వాత దాన్ని కాస్త మెత్తబరిచారు. ట్రూడి నడుము మీద నడిచింది మాత్రం మెత్తబడనప్పటిదే.

ఆమె చీటీ ఫిబ్రవరి ఇరవై ఆరు, ఆదివారంతో అయిపోయింది. రాసింది డాక్టర్ నోల్డెన్ దగ్గర పనిచేసే బేర్బెల్. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల వెనకే కూర్చున్న మనిషి. "సోమవారం పండగ, మంగళవారం డాక్టరుగారికి తలనొప్పి. నువ్వు బుధవారం రావే ట్రూడీ" అంది. ట్రూడి సరేనంది. కొలోన్‌లో పుట్టినవాళ్ళకి ఎవరికైనా అది సరే. ఊరంతా వేషాలు కట్టి ఊరేగే ఆ సోమవారం బడులు ఉండవు, బ్యాంకులు ఉండవు, కోర్టులో జడ్జి ఉండడు. అది సెలవు కాదని చెప్తే ఆ ఊరి పసిపిల్ల కూడా నవ్వుతుంది.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఫోను మోగింది.

"శుభోదయం. ఓడెన్‌టాల్ గారేనా అండీ? బీమా ఆఫీసు నుంచి బోయ్‌సెన్‌ని."

కిటికీ కింద అప్పటికే డోళ్ళు మొదలయ్యాయి. ట్రూడి ఒక చెవి మూసుకుంది. "ఇవాళ కూడా ఆఫీసుందా అయ్యా మీకు?"

"సోమవారమే కదండీ."

"అదే నేననేదీ. రోజెన్‌మోన్‌టాగ్ కదా!"

"ఏంటండీ అది?"

ఆటపట్టిస్తున్నాడనుకుంది ట్రూడి. ఆ ఆఫీసు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఎక్కడో ఉంది. అక్కడి వాళ్ళు నవ్వడానికి కూడా దరఖాస్తు పెట్టుకుంటారని విన్నది గానీ, మరీ ఇంతనుకోలేదు. "పండగయ్యా బాబూ. ఊరేగింపు! ఊరంతా రోడ్డు మీదుంది."

కాగితం తిప్పిన చప్పుడు. "నా గోడ క్యాలెండరులో నల్ల సిరాతోనే ఉందండీ. ఎరుపు మళ్ళీ ఈస్టరుకే. మీ చీటీ నిన్నటితో అయిపోయింది, ఆ సంగతి గుర్తు చేద్దామని చేశా. చేయాలని రూలేం లేదు. ఇవాళ డాక్టరు మిమ్మల్ని చూసి తేల్చకపోతే, రేపట్నించి మీకు మా దగ్గర హక్కు ఉండదు."

"అంటే ఏప్రిల్ ఆపరేషను?"

"బీమా లేకపోతే ఆసుపత్రి వాళ్ళు చేర్చుకోరండీ. మీరు ఉపాధి ఆఫీసుకి వెళ్ళొచ్చు."

"వెళ్ళాను. జబ్బు మనిషికి పని చూపించలేం, నీది బీమా వాళ్ళ కేసు అన్నారు."

"అవునండీ. అలాగే అంటారు."

"అయ్యా, ఇవాళ ఈ ఊళ్ళో డాక్టరన్న వాడు దొరకడు."

"పది లక్షల మంది ఊళ్ళో ఒక్క డాక్టరు లేడా?"

"ఉన్నారు. బండ్లెక్కి మిఠాయిలు విసురుతున్నారు."

అవతల మళ్ళీ కాగితం తిరిగింది. తర్వాత బోయ్‌సెన్ చాలా మర్యాదగా అన్నాడు. "మిఠాయిల విషయం నా పరిధిలోకి రాదండీ. ఇవాళ అర్ధరాత్రి వరకూ టైముంది."

ఫోను పెట్టేసి ట్రూడి గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగు మరలు, రెండు ఖాళీ కన్నాలు, ఒక రోజు. ఎదురింటి తలుపు కొట్టింది.

యుప్ తలుపు తీశాడు. అరవై నాలుగేళ్ళవాడు, రిటైరైన ప్లంబరు, చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. తేనెటీగ వేషంలో ఉన్నాడు. నల్లచారల పసుపు లాగు, వీపున వైరు రెక్కలు, నెత్తిన ఊగే రెండు మీసాలు.

"ఏమే, ఇంకా వేషం కట్టలేదా?"

"ఒరేయ్ యుప్, నాకు ఇవాళే డాక్టరు కావాలి. లేకపోతే నా ఆపరేషను గోవిందా."

అంతా విన్నాడు. మీసాలు ఊగడం ఆగింది. "సముద్రం పక్కనుండేవాడికి క్యాలెండరు కూడా తడిసిపోయిందా ఏంటి?" అన్నాడు. వెంటనే అటక మీంచి చచ్చిపోయిన తన తల్లి చక్రాల కుర్చీ దించాడు. టైర్లలో గాలి కొట్టాడు. ట్రూడి కోటు మీద నడుము పట్టీ బిగించుకుంది, చేతికర్ర తీసుకుంది. తేనెటీగ కుర్చీ తోసింది.

ముందు ఆసుపత్రిలో సెలవుల్లోనూ రాత్రుళ్ళూ మాత్రమే తెరిచే అత్యవసర విభాగానికి వెళ్ళారు. తలుపు మూసి ఉంది. చిన్న కిటికీలోంచి బుగ్గల మీద పిల్లి మీసాలు గీసుకున్న నర్సు తొంగిచూసింది.

"ఇక్కడ సాయంత్రం ఏడింటికే తెరుస్తామమ్మా. పనిదినం కదా ఇవాళ. పగలు మీ డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. చట్టప్రకారం ఆయన తెరిచే ఉంటాడు."

"తెరవలేదమ్మా. పండగ కదా."

"అవునవును, పండగే."

"మరి పండగైతే మీరు తెరవాలి కదా?"

"పండగే గానీ, సెలవు కాదుగా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కప్పా పామూ రెండూ ఒకే కిటికీలో కూర్చున్నాయి. ట్రూడి పళ్ళు బిగబట్టి అడిగింది. "పోనీ, ఏడింటికే వస్తా. చీటీ రాస్తారా?"

"నొప్పి కొత్తదా, పాతదా?"

"పాతది. అక్టోబరుది."

"పాతవాటికి మేం రాయమమ్మా. ఇది అత్యవసర విభాగం. ఏదైనా కొత్తది ఉంటే తీసుకురండి."

యుప్ కిటికీలోకి మీసాలు దూర్చాడు. "ఇక్కడే మెట్ల మీంచి తోసెయ్యనా? అప్పుడు కొత్తదవుద్ది."

"తోస్తే ఏడు దాటాక తొయ్యండి" అని నర్సు కిటికీ వేసేసింది.

మిగిలింది ఒకటే దారి. డాక్టర్ హెరిబెర్ట్ నోల్డెన్ నారింజ సిపాయిల సంఘంలో ఇరవై రెండేళ్ళుగా సభ్యుడు. ఎప్పుడో పోయిన రాజుగారి సైన్యం దుస్తులేసుకుని, యుద్ధం ఎలా చేయకూడదో ఏటా ఊరికి చూపించే సంఘం అది. పేపరులో ఊరేగింపు వరస వేశారు. నారింజ సిపాయిల బండి నంబరు అరవై రెండు. మధ్యాహ్నం రెండింటికి పాత బజారు మలుపు దగ్గరకు రావాలి.

పాత బజారు సందులో కాలు పెట్టడానికి చోటు లేదు. పనికి పోలేనంత జబ్బు అని రుజువు చేసుకోవడానికి, బలిసిన ఎద్దు కూడా దూరలేని గుంపులో దూరాలి. ఈ చట్టం రాసినవాణ్ణి ఆ సందులో అడ్డంగా పడుకోబెట్టాలనుకుంది ట్రూడి.

పైగా జనం ఆమెను చూసి చప్పట్లు కొట్టారు.

"చూడండ్రోయ్, ఏం వేషం! అచ్చం జబ్బు మనిషే!"

"ఆ మొహం చూడు, నొప్పి ఎంత బాగా పెట్టిందో!"

"వేషం కాదురా సన్నాసీ, నిజం నొప్పే!" అని ట్రూడి అరిచింది. వాళ్ళు ఇంకా మురిసిపోయారు. ఒక ముసలావిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, చిన్న సారా సీసా ఒళ్ళో పెట్టింది. "మొదటి బహుమతి నీదే తల్లీ" అంది.

డాక్టర్లకేం కొదవ లేదు. ఆ ఒక్క సందులోనే పదిహేడు మందిని లెక్కపెట్టింది ట్రూడి. తెల్లకోట్లు, మెడలో గొట్టాలు, జేబుల నిండా దూది. మొదటివాణ్ణి చూసి ఆశ ఆపుకోలేక "డాక్టరు గారూ!" అంది. వాడు ప్లాస్టిక్ గొట్టం తెచ్చి ఆమె ముక్కు మీద పెట్టి "గర్భం!" అని ప్రకటించాడు. ఊరినిండా దొంగ డాక్టర్లే. ఉన్న ఒక్క నిజం డాక్టరు మూడు మూలల టోపీ పెట్టుకుని సిపాయి వేషంలో తిరుగుతున్నాడు.

పదిహేడోవాడు మాత్రం నవ్వలేదు. తెల్లకోటు మీద ఎర్రరంగు చిమ్ముకుని, పొడుగ్గా, తాటిచెట్టులా ఉన్నాడు. కుర్చీ చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వచ్చి ఎత్తాడు. ట్రూడి మూలిగింది.

"నీది వేషం కాదక్కా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నేను ఇళ్ళ కప్పులేసేవాణ్ణి, డ్యూరెన్ నుంచి వచ్చా. మా మేస్త్రికి ఇదే. రెండో అంతస్తు మీంచి పడ్డాడు. లేచేటప్పుడు ఇదే చప్పుడు చేస్తాడు."

విషయం విన్నాక ఆ కప్పుల డాక్టరు మోచేతులు చాచి ముందు నడిచాడు. "దారివ్వండి! పేషెంటు! దారివ్వండి!" అని అరిచాడు. ఆ అరుపుకి, ఆ కోటుకి జనం పాయలా చీలిపోయారు. పొద్దుట్నించి నిజం చెప్తే ఎవరూ జరగలేదు. అబద్ధపు కోటు తొడుక్కున్నవాడు అరిస్తే రాజబాట పడింది.

అరవై రెండో నంబరు బండి ఊగుతూ వచ్చింది. ఏటా ఆగినట్టే ఊరేగింపు సరిగ్గా మలుపులో ఆగింది. ముందెక్కడో ఏదో గుర్రం మొండికేసిందట. మీద, రెండు నిలువుల ఎత్తున, నారింజ కోటు, తెల్ల విగ్గు, చేతిలో మిఠాయిల బుట్టతో డాక్టర్ నోల్డెన్.

"ట్రూడీ! మా ట్రూడమ్మే! ఆలాఫ్!" అని పండగ కేక పెట్టి చాక్లెట్ డబ్బా విసిరాడు. అది వచ్చి ఆమె ఒళ్ళో పడింది.

"మిఠాయి కాదు డాక్టరుగారూ, చీటీ! నా పసుపు చీటీ!"

"బుధవారం రావే!"

ఆ ఊళ్ళో పండగ మూడు రోజులూ గారూ మీరూ ఉండవు. మేయరునైనా నువ్వనే అంటారు. ట్రూడి ముప్పై ఏళ్ళుగా ఆ వెసులుబాటు వాడుకోలేదు. ఇప్పుడు వాడుకుంది.

"ఒరేయ్ హెరిబెర్ట్! బుధవారానికి నాకు బీమా ఉండదురా! ఇవాళ పనిదినమట! నువ్వు ఇవాళ నన్ను చూసి తేల్చకపోతే ఏప్రిల్లో నా నడుం నువ్వే బిగిస్తావా, నీ కత్తితో?"

డాక్టరు మొహంలో పండగ దిగిపోయింది. "ఎవడన్నాడు పనిదినమని?"

"చట్టం!"

"కొలోన్‌లోనా?"

"సముద్రం పక్కన!"

"దిగి చూడు నాయనా, ఏం పోయింది!" అని యుప్ అరిచాడు.

"దిగకూడదురా. బండి మీంచి కాలు కింద పెడితే సంఘం వెలేస్తుంది. రూలు!" అని డాక్టరు తల గీరుకున్నాడు. విగ్గు పక్కకు జరిగింది. "చూడకుండా రాస్తే నా లైసెన్సు పోద్ది. ఆగు ఆగు. పైనుంచే చూస్తా. ఆమెని పడుకోబెట్టండి. ఆ తెల్లకోటు ఎవరు? నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. ఇళ్ళ కప్పులు వేస్తా."

"ఇంకా మంచిది. కోణాలు తెలుసు. ఆమె కుడికాలు మోకాలు వంచకుండా పైకెత్తు. నెమ్మదిగా."

యుప్ రెక్కలు విప్పి రాళ్ళ మీద పరిచాడు. వైరు రెక్కల మీద, చాక్లెట్ కాగితాల మీద ట్రూడిని వెల్లకిలా పడుకోబెట్టారు. ఆకాశంలో రంగు కాగితాలు రాలుతున్నాయి. కప్పులవాడు మడమ కింద చెయ్యి పెట్టి కాలెత్తాడు.

"ఎంత?" అని మీంచి డాక్టరు.

"ఇరవై డిగ్రీలు సార్. గోడౌను కప్పు వాలు."

"ఇంకా."

"ఇరవై ఐదు. ముప్పై..."

ట్రూడి కేక పెట్టింది. చుట్టూ ఉన్న ఐదొందల మందీ "ఆలాఫ్!" అన్నారు. బ్యాండు వాళ్ళు అదే తాళమనుకుని అందుకున్నారు. పక్కనున్న కోతులూ నావికులూ కన్యస్త్రీలూ వరసగా రాళ్ళ మీద పడుకుని కుడికాళ్ళు ఎత్తసాగారు. ఇదేదో కొత్త నాట్యమని వాళ్ళ ఉద్దేశం. టీవీ కెమెరా పొడుగాటి చెయ్యి చాచి అందరి మీదుగా వంగింది.

"ముప్పైకే అరిచింది. ఎడమది?"

"నలభై సార్. సాదా ఇల్లు."

"చాలు. తేలింది!" డాక్టరు జేబులు వెతికాడు. కాగితం లేదు. పక్క సిపాయి గ్లాసు కింద బీరు అట్ట లాగి, దాని వెనక రాశాడు. ఈ రోజు పరీక్షించాను. పనికి పనికిరాదు. తారీకు, గంట, సంతకం. ముద్ర కావాలని ట్రూడి కింద నుంచి అరిచింది. ఆయన దగ్గర సంఘం ముద్ర ఉంది, నారింజ కోడిపుంజు బొమ్మది. అదే గుద్దాడు. అట్ట గాలిలో గిరగిరా తిరిగి కిందపడింది. యుప్ రెండు చేతులా పట్టాడు.

ముందు గుర్రం కదిలింది. బండి కదిలింది.

"రేపు పొద్దున్నే రా! తెరుస్తా!" అని డాక్టరు అరిచాడు.

తెరిచాడు కూడా. మంగళవారం ఉదయం పదింటికి, విగ్గు లేకుండా, కోటు మార్చకుండా వచ్చి, కళ్ళు మూసుకునే అసలు పసుపు చీటీ మీద టైపు చేయించాడు. సోమవారం నాడు తేల్చినట్టుగా, మంగళవారం తారీకుతో. బేర్బెల్ ముక్కు చీదుతూ ముద్ర వేసింది. "సోమవారం పనిదినమా? ఎవరికీ చెప్పకు ట్రూడీ, ఊళ్ళో అల్లర్లవుతాయి" అంది.

బీరు అట్టా పసుపు చీటీ కలిపి కవరులో పంపారు. ట్రూడి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వారం నిలిచింది.

వచ్చిన ఉత్తరంలో రెండు పేజీలున్నాయి. సంతకం బోయ్‌సెన్‌ది కాదు, పై అధికారిది. సోమవారం ఊరేగింపు దేశమంతా టీవీలో వచ్చింది. అందులో బీమాదారు బహిరంగ స్థలంలో సామూహిక నాట్యంలో పాల్గొనడమే గాక దానికి నాయకత్వం వహించడం కనిపించింది. మూడు మీటర్ల ఎత్తునుంచి పడిన చాక్లెట్ డబ్బాను ఒడుపుగా అందుకోవడం కూడా కనిపించింది. ఇంకొకటి. పరీక్ష చేసినది తెల్లకోటు వ్యక్తి. చీటీ మీద సంతకం చేసినది ఒక సిపాయి. కనుక తెల్లకోటు వైద్యుని రిజిస్ట్రేషను నంబరు పద్నాలుగు రోజుల్లోగా పంపవలెను. అంతవరకు జబ్బు జీతమూ బీమా కార్డూ నిలిపివేయడమైనది.

"ఆ కప్పులోడికి నంబరుందా?" అని ట్రూడి అడిగింది.

"నిచ్చెన లైసెన్సు ఉంటుందేమో" అన్నాడు యుప్. "నన్ను రాయనియ్యవే జవాబు. మా నాన్న గనిలో నేర్చుకున్న మాటలున్నాయి. ఒక్కోటీ ఒక్కో పేజీ."

"వద్దు. తిట్టు చదివి వాళ్ళు సుఖంగా నిద్రపోతారు. అరె, పొగరుబోతు, కొట్టెయ్ అంటారు. నిద్రపట్టకుండా చేసేది రాయాలి."

ఆసుపత్రి నుంచి కూడా ఫోనొచ్చింది. కార్డు పనిచేయడం లేదు, ఏప్రిల్ పదో తారీకు సోమవారంలోగా పనిచేయకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తాం, తర్వాతి ఖాళీ నవంబరులో. ట్రూడి వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి రాసింది. కూర్చుంటే పది నిమిషాలకు మించి కూర్చోలేదు. కాలేజీ మొహం చూడని మనిషి. నాలుగు వాక్యాలు రాయడానికి మూడు రోజులు పట్టింది.

"సోమవారం పనిదినమైతే, డాక్టరు ఆ రోజు పనిలోనే ఉన్నాడు, నన్ను చూశాడు, మీ టీవీయే సాక్షి. సోమవారం సెలవైతే, నా గడువు మంగళవారం, మంగళవారం చీటీ మీ దగ్గరే ఉంది. రెండిట్లో మీకు నచ్చింది తీసుకోండి, రెండూ మాత్రం మీకు ఇవ్వను. తెల్లకోటు మనిషి ఇళ్ళ కప్పులు వేస్తాడు, నా కాలెత్తడానికి వాడికి రిజిస్ట్రేషను కావాలంటే, నా నడుం విరిచిన పార్సెళ్ళ బెల్టుకి ఉన్న రిజిస్ట్రేషను నంబరు ముందు మీరు పంపండి."

యుప్ చదివి తల గోక్కున్నాడు. "మా నాన్న మాటలకన్నా ఇదే ఘాటుగా ఉందే" అన్నాడు.

రోజులు గడిచాయి. మార్చి అయిపోయింది. ఏప్రిల్ ఐదున ఫోను మోగింది. అప్పట్లాగే ఎనిమిదిన్నరకి.

"శుభోదయం ఓడెన్‌టాల్ గారూ. బోయ్‌సెన్‌ని. ఇది ఆఫీసు ఫోను కాదు. నా సొంతది. అందుకని త్వరగా చెప్తా."

"చెప్పండి."

"ఆ సోమవారం మీరు ఫోను పెట్టేశాక, అసలు ఈ పండగేంటో చూద్దామని క్యాంటీన్లో టీవీ పెట్టించాను. మీరు కనపడ్డారు. అందరూ నవ్వారండీ. నేను నవ్వలేదు. ఐదేళ్ళ కింద నాకూ వెన్నుపూస జారింది. కాలు ముప్పై దగ్గరికి వచ్చినప్పుడు మీ మొహం... ఆ మొహం నేను బాత్‌రూం అద్దంలో చూసుకున్నాను. పక్కన ఎత్తినవాళ్ళ కాళ్ళన్నీ తొంభై దాకా లేచాయి. మీదొక్కటే లేవలేదు. ఆ ఫొటో ముద్రించి, కోణమానినితో కొలిచి, ఫైల్లో పెట్టాను. మా పై ఆయన, నీకు వైద్యం తెలుసా అన్నారు. తెలీదు, కోణం తెలుసు అన్నాను."

ట్రూడి ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మీరు నవ్వుతారా అసలు బోయ్‌సెన్ గారూ?" అంది.

"ఇంటి దగ్గర నవ్వుతానండీ" అన్నాడతను.

ఏడో తారీకు శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఆ పండగ సోమవారం పనిదినమే అని బీమా ఆఫీసు గట్టిగా నొక్కిచెప్పింది. కాబట్టి ఆ రోజు డాక్టరు ఊరేగింపు బండిపై నుండి చేసిన పరీక్షను క్లినిక్ బయట జరిగిన సాధారణ వైద్యసేవగా గుర్తించడమైనది. ఇది మరే కేసుకూ దృష్టాంతం కాదు. తెల్లకోటు వ్యక్తిని వైద్యుని సహాయకునిగా నమోదు చేయడమైనది. జబ్బు జీతం, బీమా పునరుద్ధరణ. బీరు అట్ట మాత్రం తిరిగి ఇవ్వబడదు, ఫైలులో ముప్పై నాలుగో పత్రం.

యుప్ ఆ ఉత్తరం పట్టుకుని ఆసుపత్రికి తానే వెళ్ళాడు. పదకొండున మిగిలిన రెండు మరలూ బిగించారు. మత్తు దిగాక ట్రూడి మొదట చూసింది కాలి వంక. మోకాలు వంచకుండా ఎత్తింది. ముప్పై దాటింది. కేక రాలేదు. మంచం పక్కన యుప్ మెల్లగా "ఆలాఫ్" అన్నాడు, నర్సుకి వినపడకుండా.

గోదాము పనికి ఆ నడుము మళ్ళీ లాయకీ కాదు. నెలనెలా చీటీ కోసం వెళ్తూనే ఉంది, కానీ కర్ర లేకుండా. డిసెంబరులో సముద్రం పక్క ఊరి నుంచి గుండ్రటి గొట్టం ఒకటి వచ్చింది. లోపల గోడ క్యాలెండరు. ఫిబ్రవరి పేజీలో పన్నెండు, సోమవారం చుట్టూ ఎర్ర పెన్నుతో గట్టి సున్నా. కింద చిన్న అక్షరాలు. "వచ్చే ఏడు ఈ రోజు. దయచేసి చీటీ ఆదివారంతో ముగియకుండా రాయించుకోండి. బోయ్‌సెన్."

జనవరిలో చీటీకి వెళ్ళినప్పుడు ట్రూడి దాన్ని తీసుకెళ్ళి డాక్టరు క్లినిక్‌లో బేర్బెల్ బల్ల ఎదురుగా, ఎప్పుడూ కళ్ళ ముందుండేలా, తానే మేకు కొట్టి వేలాడదీసింది. "ఇది చూసుకుంటూ రాయవే ఇకనుంచి" అంది.

బేర్బెల్ కళ్ళద్దాలు పైకి నెట్టి ఎర్ర సున్నాని పరిశీలించింది. మొహం వెలిగిపోయింది.

"చూశావా! నేను చెప్పలా? వాళ్ళే ఒప్పుకున్నారు, ఎర్రగా రాశారు. సెలవే!" అంటూ పెన్ను తీసింది. "ఫిబ్రవరి పదకొండు దాకా రాసేస్తున్నా. ఆదివారం. నువ్వు బుధవారం రా."

ట్రూడి బల్ల మీదుగా వంగింది. మరలు ఆరూ పట్టుకున్నాయి. బేర్బెల్ చేతిలోంచి పెన్ను లాక్కుంది.